శిశు సంరక్షణ కేంద్రానికి రెండు భవనాలు చూశాం: ఏది తీసుకోవాలి?

అడిగినవారు: సంఘ కార్యదర్శి

నమస్కారం. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రుల కోసం మా సంఘం తరఫున ఒక శిశు సంరక్షణ కేంద్రం ప్రారంభించాలనుకుంటున్నాం. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు ముప్పై మంది దాకా వస్తారు. వెతగ్గా వెతగ్గా రెండు భవనాలు తేలాయి. మొదటిది కొత్త భవనంలో రెండో అంతస్తు హాలు. వెలుతురు ధారాళంగా వస్తుంది, రంగులు కూడా వేసి సిద్ధంగా ఉంది, కానీ మెట్లదారి ఒక్కటే, కింద గోదాము ఉంది. రెండోది చుట్టూ ఖాళీ స్థలమున్న పాత ఇల్లు. మేడ లేదు, ద్వారాలు రెండు, అయితే కిటికీల రంగు పెచ్చులూడుతోంది, పెరటి షెడ్డుకు ఆస్‌బెస్టాస్ రేకులున్నాయి. సంఘంలో ఎక్కువ మంది హాలు వైపే మొగ్గుతున్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఏమేం చూసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: కేంద్రం నడిపిన అనుభవమున్న ఒకరు

కార్యదర్శి గారూ, హాలు అందం సంగతి పక్కనబెట్టి ముందు ఒక లెక్క వేయండి. నడక సరిగ్గా రాని పిల్లలు ఆరుగురు ఉన్నారనుకుంటే, ఒక ఆయా చంకకొకరి చొప్పున ఇద్దరిని ఎత్తుకోగలదు. అప్పుడు మెట్ల రెయిలింగ్ పట్టుకోవడానికి ఆమెకు చెయ్యి మిగలదు. పొగ నిండిన ఒకే ఒక్క మెట్లదారిలో ఆమె రెండోసారి పైకి ఎక్కి రావడం జరిగే పని కాదు.

కింది గోదామును కూడా తేలిగ్గా తీసుకోకండి. 2009 జూన్ 5న మెక్సికోలోని ఎర్మొసీయో నగరంలో ఒక శిశు కేంద్రాన్ని ఆనుకుని ఉన్న గోదాములో అంటుకున్న నిప్పు కేంద్రంలోకి పాకి 49 మంది పిల్లలు మరణించారు. బయటపడే దారులు చాలక, ట్రక్కుతో గోడను గుద్ది కన్నాలు చేసి పిల్లలను బయటికి తీయవలసి వచ్చింది. మన గదులు ఎంత జాగ్రత్తగా ఉంచుకున్నా, గోడ అవతల ఏముందో మన చేతిలో ఉండదు.

ఇంకొకటి. నేను ఏ భవనం చూసినా మోకాళ్ల మీద ఒకసారి గదులన్నీ తిరుగుతాను. నిలబడి చూసినప్పుడు కనపడని ప్లగ్గు పాయింట్లు, కిటికీ తెర తాళ్లు, తలుపు బందుల వైపు వేళ్లు నలిగే సందు అన్నీ ఆ ఎత్తులో కళ్ల ముందే ఉంటాయి.

సమాధానం: సివిల్ ఇంజినీర్

పై మాటతో ఏకీభవిస్తాను, కానీ పాత ఇల్లు కూడా పరీక్ష లేకుండా తీసుకోదగినది కాదు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. కిటికీ రెక్క తీసి మూసినప్పుడల్లా రాపిడికి రాలే సన్నని ధూళి గడప మీదా, నేల మీదా పేరుకుంటుంది; పాకే పిల్లల చేతులు అక్కడి నుంచి నేరుగా నోట్లోకే వెళతాయి. మింగిన సీసాన్ని పసివాళ్ల శరీరం పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందనీ, ఇంత వరకు ఫరవాలేదని చెప్పగల మోతాదే లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి పెచ్చు, ధూళి ప్రయోగశాలకు పంపండి. ఉత్సాహం కొద్దీ ఎవరినీ గరుకు కాగితంతో రుద్దనివ్వకండి, అప్పుడు ఉన్న ప్రమాదం పదింతలవుతుంది. ఆస్‌బెస్టాస్ రేకుల పొడి ఊపిరితో లోపలికి పోతే హాని; అవి పగలకుండా ఉంటే వాటిని కోయడం, బెజ్జాలు వేయడం చేయకుండా, పిల్లలు అటు పోకుండా కంచె వేయవచ్చు. పగిలి ఉంటే ఆ పనిలో శిక్షణ ఉన్నవారితోనే తీయించాలి.

ఆ స్థలంలో ఇంతకుముందు ఏం జరిగేదో ఇరుగుపొరుగును అడగండి. అమెరికాలోని న్యూజెర్సీలో ఒకప్పటి థర్మామీటర్ల కర్మాగారంలో శిశు కేంద్రం పెట్టారు; గాలిలో పాదరసం ఆవిరి బయటపడి 2006లో దాన్ని మూసేశారు. గోడలకు కొత్త రంగు వేస్తే పాత పని ఆనవాళ్లు పోవు.

స్థలం చాలుతుందో లేదో కూడా కొలవండి. ఇంగ్లండ్ నిబంధనల్లో రెండేళ్ల లోపు శిశువుకు 3.5 చదరపు మీటర్లు, రెండేళ్లవారికి 2.5, ఆపై వయసువారికి 2.3 ఉండాలి, అందులో నడవలు, మరుగుదొడ్లు కలవవు. మీ చోట వేరే నిబంధన ఉంటే అదే పాటించాలి.

సమాధానం: ఇద్దరు పిల్లల తల్లి

పెరట్లో బావి, సంపు, మరుగుదొడ్డి గుంత మూతలు చూశారా? వేళ్ల లోతు నీళ్లలో కూడా పసిపిల్లలు మునిగిపోతారు.

అడిగినవారు: సంఘ కార్యదర్శి

అందరికీ ధన్యవాదాలు. నిన్న పాత ఇంటికి మళ్లీ వెళ్లాం. సంపు మూత నేను ఒక్క చేత్తో ఎత్తగలిగాను, అంటే నాలుగేళ్లవాడు కూడా జరపగలడు. వెనక తలుపుకు లోపలి నుంచి తాళం కప్ప వేసి ఉంది. తాళంచెవి అవసరం లేకుండా బయటికి తెరుచుకునే గడియ పెట్టిస్తామని, సంపుకు బోల్టు మూత వేయిస్తామని ఇంటివారు ఒప్పుకున్నారు. రంగు పరీక్ష ఫలితం చూశాకే అడ్వాన్సు ఇస్తామని చెప్పి వచ్చాం. హాలు వద్దనుకున్నాం.