అమెరికా గ్రాంటు నిబంధనలు మారితే విశాఖ ల్యాబులో జీతం ఆగుతుందా?

ప్రశ్న: మద్దిలపాలెం, ప్రాజెక్టు అసోసియేట్

అందరికీ నమస్కారం. విశాఖలోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ అక్కడి ఒక విశ్వవిద్యాలయానికి ఇచ్చిన గ్రాంటులో కొంత భాగం సబ్‌అవార్డుగా మాకు చేరుతుంది. నా జీతం, రసాయనాల ఖర్చు అందులోవే. వచ్చే ఏడాది మంజూరులో మా భాగం ఉండకపోవచ్చని అక్కడి ప్రధాన పరిశోధకుడు గత వారం మెయిల్ పంపారు. మా గైడుగారేమో అదంతా ఓవర్‌హెడ్‌ను 15 శాతానికి కుదించిన గొడవేననీ, దాన్ని కోర్టు కొట్టేసింది కాబట్టి కంగారు అక్కర్లేదనీ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? ఈ డిసెంబరులో అక్కడి పీహెచ్‌డీలకు దరఖాస్తు చేద్దామనుకున్నాను, అదీ మానుకోవాలా?

సమాధానం: సీతమ్మధార, గ్రాంటుల లెక్కలు చూసిన విశ్రాంత ఉద్యోగి

మీ గైడుగారు చెప్పింది తప్పు కాదు గానీ, అది వేరే సంగతి. ఓవర్‌హెడ్ అంటే పరిశోధనకు నేరుగా అయ్యే ఖర్చుకు అదనంగా కరెంటు, భవనం, లెక్కల విభాగం వంటి వాటి కోసం సంస్థకు ఇచ్చే మొత్తం. అమెరికాలో ఒక్కో విశ్వవిద్యాలయం ఆ రేటును ప్రభుత్వంతో విడిగా కుదుర్చుకుంటుంది. కొన్నిచోట్ల అది 60 శాతం దాటింది. 2025 ఫిబ్రవరి 7న ఎన్‌ఐహెచ్ అందరికీ ఒకటే 15 శాతమని ప్రకటించగా, బోస్టన్‌లోని ఫెడరల్ కోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టివేసింది, అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. అయితే విదేశీ సంస్థలకు ఎన్‌ఐహెచ్ ఓవర్‌హెడ్‌గా ఇచ్చేది చాలాకాలంగా 8 శాతమే కాబట్టి, ఆ గొడవతో మనకు పని లేదు.

మిమ్మల్ని తాకింది 2025 మే 1 నాటి ఎన్‌ఐహెచ్ ప్రకటన. విదేశీ భాగస్వామికి సబ్‌అవార్డు బదులు ఇకపై తామే నేరుగా విడి అవార్డు ఇస్తామనీ, ఆ ఏర్పాటు సిద్ధమయ్యేదాకా విదేశీ సబ్‌అవార్డు ఉన్న కొత్త మంజూర్లనూ కొనసాగింపులనూ ఇవ్వబోమనీ అందులో చెప్పారు. డబ్బు ఎక్కడికి పోతోందో సరిగా తెలియడం లేదన్నది వారి కారణం. (ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు; సబ్‌అవార్డు లెక్కలు ఎంత ఆలస్యంగా పంపేవాళ్లమో నాకు తెలుసు.) దీంతో అక్కడి పరిశోధకుడికి మిగిలిన సులువైన దారి, మన భాగం తీసేసి తన పని సాగించుకోవడం. అందువల్ల ఆ మెయిలునే నమ్మండి. నేరుగా అవార్డు తీసుకోవాలంటే మీ సంస్థే శామ్‌లోనూ (అమెరికా ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థల నమోదు వ్యవస్థ), ఈ-ఆర్‌ఏ కామన్స్‌లోనూ (ఎన్‌ఐహెచ్ గ్రాంటుల ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదై ఉండాలి, అందుకు వారాలు పడుతుంది.

సమాధానం: ఎంవీపీ కాలనీ, జీవరసాయన శాస్త్రం బోధించినవాడిని

ఓవర్‌హెడ్‌తో మనకు పని లేదన్న మాటను నేను ఒప్పుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా దగ్గర మైనస్ 80 ఫ్రీజరు ఒకటి ఉండేది. కరెంటు రోజుల తరబడి రాలేదు, జనరేటరుకు డీజిల్ ఏ ప్రాజెక్టు పద్దులోనూ లేదు. ఇద్దరు స్కాలర్లు క్యాన్లు పట్టుకొని బంకు దగ్గర క్యూలో నిలబడ్డారు. మూడో రోజు తలుపు తెరిస్తే అడుగు అరలోని సీరం గొట్టాల మీద మంచు కరిగి, పెన్నుతో రాసిన నంబర్లు నీలంగా కారిపోయి ఉన్నాయి. ఏది ఎవరి రక్తమో తెలియక నాలుగేళ్ల నమూనాలు పారేశాం. ఆ డీజిలే ఓవర్‌హెడ్. ప్రాజెక్టు ఆగితే మీ ఫ్రీజరు కరెంటు బిల్లు ఎవరు కడతారో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.

సమాధానం: గాజువాక, ప్రస్తుతం అమెరికాలో పీహెచ్‌డీ

దరఖాస్తు మానకండి, కానీ చూసి పెట్టండి. 2025 మార్చిలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు చాన్ వైద్య కళాశాల అప్పటికే ఇచ్చిన పీహెచ్‌డీ సీట్లను వెనక్కి తీసుకుంది. మరికొన్నిచోట్ల ప్రవేశాలు తగ్గాయి. ఎక్కువమంది గమనించని మార్పు ఇంకొకటి ఉంది. ఐదేళ్ల గ్రాంటుకు గతంలో ఏటా కొంత విడుదల చేసేవారు, ఇప్పుడు చాలా కొత్త గ్రాంట్లకు అన్నేళ్ల సొమ్మునూ ముందే కేటాయిస్తున్నారు. బడ్జెట్టు పెరగనప్పుడు అలా చేస్తే ఆ ఏడాది గ్రాంటు దక్కే ల్యాబులు తగ్గుతాయి. అందుకే గ్రాంటు ఎన్నేళ్లు మిగిలి ఉందో, మధ్యలో ఆగితే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (బోధనలో సాయం చేసినందుకు ఇచ్చే జీతం) ఇస్తారో లేదో మొదటి మెయిల్లోనే అడగండి. మొహమాటపడకండి, ఇక్కడ అందరూ అడుగుతున్నారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఆఫీసులో కనుక్కున్నాను. శామ్ నమోదు ఉందట గానీ, ఏటా చేయాల్సిన పునరుద్ధరణ చేయక గడువు తీరిపోయిందట, సోమవారం పెడతామన్నారు. ఫ్రీజరు బిల్లు గురించి మాత్రం ఎవరూ ఏమీ తేల్చలేదు. పెన్నుతో రాసిన నంబర్లు తీసేసి బార్‌కోడు లేబుళ్లు అంటించడం ఈరోజే మొదలుపెట్టాను.