‘గెట్జ్/జిల్బెర్టో’ ఆల్బమ్‌ను మళ్లీ మళ్లీ కొనిపిస్తున్నది సాక్సఫోనా, గాత్రమా?

పాతరికార్డు:
1963 మార్చిలో న్యూయార్క్‌లో రికార్డు చేసి, మరుసటి ఏడాది వెర్వ్ సంస్థ విడుదల చేసిన ఈ ఆల్బమ్ ఇప్పటికీ కొత్త ముద్రణలతో అమ్ముడుపోతోందంటే, దానికి కారణం అమెరికా వాద్యకారుడు స్టాన్ గెట్జ్ టెనర్ సాక్సఫోనేనని నా వాదన. 2014లో వచ్చిన యాభయ్యేళ్ల ప్రత్యేక ప్రతిలో మోనో (అంతా ఒకే ధారగా వినిపించేది), స్టీరియో (ఎడమ, కుడిగా విడిపోయి వినిపించేది) రెండూ ఉన్నాయి. మోనోలో వింటే స్వరం పలకడానికి ముందు సాక్సఫోన్ నోటి దగ్గరి రీడ్‌కు (పలుచని పుల్లకు) గాలి తగిలే సవ్వడి కూడా తెలుస్తుంది.

శ్రుతిపెట్టె:
ఆ ఆల్బమ్‌కు ఆధారం బ్రెజిల్ గాయకుడు జొవావ్ జిల్బెర్టో గిటార్. బొటనవేలితో సాంబా నడకను నిలుపుతూ, మిగతా వేళ్లతో తాళానికి కాస్త ముందూ వెనుకలుగా మీటుతూ, పక్కన కూర్చున్నవారితో మాట్లాడినంత మెల్లగా ఆయన పాడుతుంటే, మధ్యలో సాక్సఫోన్ వచ్చినప్పుడల్లా నాకు శబ్దం తగ్గించాలనిపిస్తుంది.

కొంగాప్రియుడు:
ఈ ఆల్బమ్‌లోని బొసానోవాను, అంటే సాంబా, జాజ్ కలిసిన బ్రెజిల్ బాణీని, లాటిన్ జాజ్ అనడమే నాకు సమ్మతం కాదు. అసలైన లాటిన్ జాజ్ కావాలంటే, 1957లో మచీటో బృందం రికార్డు చేసిన ‘కెన్యా’లో క్యానన్‌బాల్ ఆడర్లీ సాక్సఫోన్ వినండి.

పాతరికార్డు:
శ్రుతిపెట్టె గారూ, శబ్దం తగ్గించాలనిపించిందంటే మీరు విన్నది స్టీరియో ప్రతి అయి ఉంటుంది. మోనో విన్నాక చెప్పండి.

గుంటూరుశ్రోత:
నేను కొన్న ఈ ఆల్బమ్ కొత్త వినైల్ రికార్డు అంచు వంకర తిరిగి, ప్రతి చుట్టులోనూ ముల్లు ఎగిరింది. విప్పిన సరుకు వెనక్కి తీసుకోబోమని దుకాణంవారు తెగేసి చెప్పారు. ఈ పునర్ముద్రణలన్నీ డబ్బు దండుకోవడానికే.

శ్రుతిపెట్టె:
మోనో, మోనో అని ఎన్నిసార్లండీ! ఈ ఆల్బమ్‌లోని ‘ది గర్ల్ ఫ్రమ్ ఇపనేమా’ పాటను ప్రపంచానికి చేర్చినది గాయని ఆస్ట్రుడ్ జిల్బెర్టో పాడిన ఆంగ్ల చరణాలు. దాన్ని సింగిల్‌గా (విడిగా అమ్మే పాట రికార్డుగా) కుదించినప్పుడు జొవావ్ పోర్చుగీసులో పాడిన భాగాన్ని తీసేశారు. ఆల్బమ్ ముందు అట్ట మీద గెట్జ్, జొవావ్, స్వరకర్త జోబిమ్‌ల పేర్లు వేసి ఆమె పేరు వదిలేశారు. ఇంత జరిగాక కూడా ఘనతంతా సాక్సఫోన్‌కే కట్టబెడితే ఒళ్లు మండదా?

పాతరికార్డు:
ఆమె పేరు వేయకపోవడం అన్యాయమే, కాదనను. అయితే 1962లో గిటారిస్టు చార్లీ బర్డ్‌తో కలిసి గెట్జ్ చేసిన ‘జాజ్ సాంబా’ అమెరికాలో అంతగా అమ్ముడుపోకపోతే, ఈ బ్రెజిల్ కళాకారులను వెర్వ్ గడప తొక్కనిచ్చేవారెవరు?

శ్రుతిపెట్టె:
నా తగాదా అంతా ఈ ధోరణితోనే. జొవావ్ తొలి ఆల్బమ్ 1959లోనే బ్రెజిల్‌లో వచ్చింది. బొసానోవా బాణీ అప్పటికే అక్కడ స్థిరపడింది. వారు సిద్ధం చేసిన సంగీతంలోకి గెట్జ్ అతిథిగా వచ్చాడు. బాగా వాయించాడు, ఒప్పుకుంటాను. అతిథిని ఇంటి యజమానిని చేస్తే మాత్రం ఒప్పుకోను.

కొంగాప్రియుడు:
‘కెన్యా’ ఎవరైనా విన్నారా?