చల్లారిన గెలాక్సీలను ఏరడానికి యూవీజే ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే కొలత, ఎక్కువైతే దూరం ఎక్కువ) 1 నుంచి 4 దాకా ఉన్న గెలాక్సీల్లో నక్షత్రాలు ఇంకా పుడుతున్నవాటిని, ఆగిపోయినవాటిని విడదీస్తున్నాను. యూవీజే రంగులతో (యూ అంటే అతినీలలోహిత, వీ అంటే కంటికి కనిపించే, జే అంటే సమీప పరారుణ కాంతి; వీటి మధ్య తేడాలే రంగులు) ఒక జాబితా, ద్రవ్యరాశితో భాగించిన నక్షత్ర జనన రేటుతో ఇంకో జాబితా వస్తోంది. దేన్ని నమ్మాలి? రెండు వారాలుగా ఇదే టెన్షన్.

జవాబు: యూవీజే గొప్పదనం ధూళి దగ్గరే ఉందండీ. ధూళి కప్పిన గెలాక్సీ యూ-వీలో ఎర్రగానే ఉంటుంది, కానీ వీ-జేలో కూడా బాగా ఎర్రబడుతుంది, ముసలి నక్షత్రాల గెలాక్సీ అంత ఎర్రబడదు. అయితే రెడ్‌షిఫ్ట్ 3 దగ్గర జే కాంతి 5 మైక్రాన్లకు జరిగిపోతుంది, అక్కడ కొలత లేకపోతే మోడల్ ఊహించిన రంగునే మీరు కొలత అనుకుంటున్నట్టు. జేమ్స్ వెబ్ టెలిస్కోపులోని నియర్‌క్యామ్ కెమెరా కూడా దాదాపు అక్కడితోనే ఆగుతుంది, ఆపైన అందులోని మిరి పరికరం కావాలి.

ఇంకో జవాబు: ఈమధ్యే ఆగినవాటికి ఎన్‌యూవీ-ఆర్-జే (యూ, వీల బదులు సమీప అతినీలలోహిత, ఎరుపు కాంతులు) వాడి చూడండి, సమీప అతినీలలోహిత కాంతి కుర్ర నక్షత్రాలను బాగా పట్టిస్తుంది. రేటు గీత (ఆగినవాటిని విడదీసే హద్దు, చాలామంది ఏడాదికి 10⁻¹¹ దగ్గర పెడతారు) మాత్రం ఎస్‌ఈడీ ఫిట్టింగ్‌లో (రకరకాల తరంగదైర్ఘ్యాల కాంతిని మోడల్‌తో సరిపోల్చడంలో) మీరు పెట్టిన ధూళి నియమాన్ని బట్టి మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఇప్పుడే చూశాను, తేడా వచ్చినవి ఎక్కువగా రెడ్‌షిఫ్ట్ 3 పైనే ఉన్నాయి.

జవాబు: వాటిని తీసెయ్యకండి. స్పెక్ట్రమ్ దొరికితే 4000 ఆంగ్‌స్ట్రామ్ బ్రేక్ (ఆ తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిలో కనిపించే మెట్టు, ముసలి నక్షత్రాల గుర్తు) చూడండి.