హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలు నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?

నీరజ_సర్వీస్:
రాత్రి పదకొండున్నర. ఏడింటి నుంచీ రేపటి క్లాసుకి ప్లాన్ రాస్తున్నా, చింపుతున్నా. సెకండియర్ వాళ్ళకి వ్యక్తిత్వ వికాసం, నాయకత్వం చెప్పాలి. రోల్ ప్లే అంటే నేల చూపులే. గ్రూప్ డిస్కషన్ పెడితే ఎప్పుడూ ఆ ఇద్దరే మాట్లాడతారు. పోయిన వారం న్యూస్‌పేపర్లతో టవర్ కట్టే ఆట పెట్టా. ఒకడు ఆ పేపర్ కింద పరుచుకుని గోడకి చేరగిలబడ్డాడు! ఎవరికైనా పనిచేసిన యాక్టివిటీ ఉంటే చెప్పండి ప్లీజ్.

పాత_కెప్టెన్:
ఎంతమంది? ట్రైనింగ్ రెస్టారెంట్ ఉందా?

మాటల_మాస్టారు:
మేడం, అసలు జబ్బు ఇంగ్లీషు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లాణ్ణి పట్టుకొచ్చి, 'మే ఐ టేక్ యువర్ ఆర్డర్ సార్' అని చిలక పలుకులు నేర్పిస్తాం. గెస్టు ఎదురు ప్రశ్న వేశాడా, చిలక ఎగిరిపోతుంది. ముందు తెలుగులో ధైర్యం రానివ్వండి. రోజూ పేపర్ బిగ్గరగా చదివించండి, అద్దం ముందు నిలబెట్టండి. మా రోజుల్లో…

నీరజ_సర్వీస్:
సార్, తెలుగులో మాట్లాడమన్నా మాట్లాడట్లేదు. అదే నా ఏడుపు.
కెప్టెన్ గారూ, 42 మంది. రెస్టారెంట్ ఉంది, మంగళ, శుక్రవారాలు స్టాఫ్‌కి లంచ్ పెడతాం.

పాత_కెప్టెన్:
రెస్టారెంట్ పెట్టుకుని పేపర్ టవర్లెందుకమ్మా? సర్వీసుకి ముందు బ్రీఫింగ్ ఎవరు ఇస్తున్నారు? మీరేనా? మానేయండి. రోల్ నంబర్ వరసన రోజుకొకరు కెప్టెన్, అంటే ఆ రోజు వడ్డించేవాళ్ళందరికీ పెద్ద. బాగా మాట్లాడే ఆ ఇద్దరూ ఆ రోజు ప్లేట్లు తీయాలి. కెప్టెన్ ఐదు నిమిషాల్లో చెప్పాల్సింది ఇదే: ఈ రోజు ఎన్ని కవర్లు (అంటే ఎంతమంది గెస్టులు), స్పెషల్ ఏంటి, కిచెన్‌లో ఏది లేదు, ఏ టేబుల్ ఎవరిది, నిన్న వచ్చిన కంప్లైంట్ ఏంటి. ఎలా మాట్లాడాలా అని బెంగ ఉండదు. చెప్పాల్సిన విషయం చేతిలో ఉంటే నోరు దానంతటదే కదులుతుంది.

కంప్లైంట్ కూడా టేబుల్ దగ్గరే చేయించండి. వెజ్ బిర్యానీలో చికెన్ ముక్క వచ్చింది, గెస్ట్ లేచి నిలబడ్డాడు. నూటికి తొంభై మంది మొదట అనే మాట 'కిచెన్ వాళ్ళ తప్పు సార్'. ఆ మాట నోట్లోనే ఆగాలి. ముందు ప్లేటు టేబుల్ మీద నుంచి తీయాలి, క్షమాపణ చెప్పాలి, కెప్టెన్‌ని పిలవాలి. ముక్క ఏరేసి అదే ప్లేటు మళ్ళీ తెచ్చినవాణ్ణి నేను కళ్ళారా చూశా. సర్వీస్ అయ్యాక అందరూ నిలబడే, ఎవరేం తప్పు చేశారో ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి. మీరు నోరెత్తకండి.

హెచ్ఆర్_తమ్ముడు:
అన్నా, అది సూపర్‌విజన్. లీడర్‌షిప్ అంటే సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం. రిట్జ్ కార్ల్‌టన్‌లో మేనేజర్‌ని అడక్కుండానే గెస్టు కోసం 2,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టే వీలు ప్రతి ఉద్యోగికీ ఉంటుంది.

పాత_కెప్టెన్:
డాలర్లు పక్కన పెట్టు తమ్ముడూ. అలిగిన గెస్టుకి ఒక డబుల్ కా మీఠా ఉచితంగా ఇచ్చే అధికారం వడ్డించే మన స్టీవార్డ్‌కి ఏ హోటల్లో ఉందో చెప్పు, వచ్చి చేరతా.

మాటల_మాస్టారు:
ఇంతకీ 'సాఫ్ట్ స్కిల్స్'ని తెలుగులో ఏమంటారు? 'మృదు నైపుణ్యాలు' అంటే పట్టుపంచె మడత పెట్టడంలా ఉంది.

వంటింటి_రాజు:
కిచెన్‌కి పంపండి మేడం, అన్నీ అవే వస్తాయి. ఫ్రెంచి షెఫ్ ఎస్కాఫియే సైన్యంలో వంటవాడిగా పనిచేసి వచ్చాకే కిచెన్‌ని సెక్షన్లుగా విడగొట్టాడు. పాస్ దగ్గర, అంటే వంటలు బయటికి అందించే బల్ల దగ్గర, ఆర్డర్ చదివితే ప్రతి సెక్షన్ గట్టిగా తిరిగి పలకాలి. పలకనివాడి డిష్ రాదు, అంతే.

మాటల_మాస్టారు:
ఆర్డర్ చదివేవాణ్ణి ఫ్రెంచివాళ్ళు 'అబోయేర్' అంటారు, మొరిగేవాడని అర్థం. మీ ఎస్కాఫియేకే అరుపులంటే గిట్టదండీ.

నీరజ_సర్వీస్:
రాజు గారూ, మీరన్నాక గుర్తొచ్చింది. కిచెన్‌లో మావాళ్ళు బాగానే అరుస్తారు. క్లాసులోనే ఇలా. పొద్దున ఏడింటి నుంచి రెండున్నర దాకా క్వాంటిటీ కిచెన్‌లో, పెద్ద ఎత్తున వండే చోట, ఉండి మూడింటికి నా దగ్గరికి వస్తారు.

పాత_కెప్టెన్:
అమ్మా! ఆ ముక్క మొదట చెప్పాలి కదా. ఏడున్నర గంటలు డేగిసాల దగ్గర నిలబడి వచ్చినవాడు టవర్ ఏం కడతాడు? ఆ పేపర్ పరుచుకున్నవాడే తెలివైనవాడు. టైమ్‌టేబుల్ మార్పించండి.

నీరజ_సర్వీస్:
హోటల్ మేనేజ్‌మెంట్ అంటేనే అంత కదా, మీకు తెలుసనుకున్నా. టైమ్‌టేబుల్ నా చేతిలో లేదండీ. రేపు కాసేపు కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తా. శుక్రవారం నుంచి రోల్ నంబర్ కెప్టెన్ పెడతా. థాంక్సండీ, నిద్రొస్తోంది.

హెచ్ఆర్_తమ్ముడు:
సూపర్‌విజన్‌కీ లీడర్‌షిప్‌కీ తేడా మాత్రం ఎవరూ చెప్పలేదు.

మాటల_మాస్టారు:
సాఫ్ట్ స్కిల్స్‌ని 'లోకజ్ఞానం' అంటే సరిపోదూ?