మహేంద్రగిరికి ఒక్కరోజు పిట్టల కోసం: ఎక్కడ ఆగాలి, ఎన్నింటికి?

గజపతి_గువ్వ:
ఒడిశా పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి కొండకి నలుగురం, ఒకే బండి. జనవరి రెండో వారంలో పొద్దున్నే వెళ్లి చీకటి పడేలోగా దిగిపోవాలి. పోయినసారి తొమ్మిదికి పైకి చేరి గుళ్ల చుట్టూ తిరిగితే పికిలి పిట్టలూ కాకులే కనబడ్డాయి. ఉన్నది 10×50 బైనాక్యులర్, చేతిలో నిలవట్లేదు. కొండ గోరింక, తోక పిగిలిపిట్ట (ప్యారడైజ్ ఫ్లైక్యాచర్) చూడాలని ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలండీ?

గెడ్డవార:
పైకెక్కాలన్న తొందరే దెబ్బ. శిఖరం 1501 మీటర్లు. అక్కడున్నది ఎక్కువగా గడ్డి, గాలి, పొద్దున పొగమంచు. ఊళ్లో కంటే ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తక్కువ ఉంటుంది కాబట్టి ఎండ తగిలేదాకా పురుగు కదలదు, పురుగు కదలందే దాన్ని తినే పిట్టా రాదు.

ఐదింటికి బయల్దేరండి. ఆరున్నరకల్లా సగం ఎత్తులో, రోడ్డు గెడ్డ (వాగు) దాటే చోట, చెట్లు దట్టంగా ఉన్న మలుపులో బండి ఆపండి. తూర్పు వాలు అయితే మంచిది. ఎండ కొమ్మల చివర్ల నుంచి కిందికి దిగుతుంటుంది కదా, ఆ వెలుగు అంచునే పిట్టలు చేరతాయి. అక్కణ్ణుంచి కిలోమీటరున్నర నడక, రెండు గంటలు. అంతకంటే వేగంగా నడిస్తే వాకింగే అవుతుంది. వెల్తురు రాకముందు మాత్రం బండి దిగి నడవొద్దు. ఎలుగుబంట్లు తిరిగే వేళ అది. దగ్గర్లోని సవర ఊళ్లో ఎలుగు, ఏనుగుల జాడ అడిగాకే అడుగు వెయ్యండి.

కొండ గోరింక కోసం వెతుక్కుంటూ తిరగడం దండగ. పండిన మర్రి చెట్టో, రావి చెట్టో, మేడి చెట్టో దొరికితే ఎదురుగా కాస్త దూరంలో అరగంట కూర్చోండి. రెక్క మీద తెల్లమచ్చ చూసి మోసపోకండి, మామూలు గోరింకకీ అది ఉంటుంది. మామూలుది గోధుమ రంగు ఒళ్లు, కంటి చుట్టూ మాత్రమే పసుపు. కొండదానికి నిగనిగలాడే నలుపు, కంటి కింద నుంచి మెడ వెనక్కి పోయే పసుపు తోలు.

తోక పిగిలిపిట్టకి కొండెక్కక్కర్లేదు. చలికాలం కింది తోటల్లో, వెదురు నీడల్లో కూడా తిరుగుతుంది. ఆడదానికి పొడుగు తోక ఉండదు, అది గుర్తుంచుకోండి.

ఎనిమిదింతలు:
చెయ్యి వణికితే పదింతలు పెద్దగా కనబడే అద్దంలో వణుకూ పదింతలే. ఎవరి దగ్గరైనా 8×42 అరువు తెచ్చుకోండి. మొదటి అంకె ఎన్నింతలు పెద్దగా చూపుతుందో, రెండోది ముందరి అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు 5.25 మిల్లీమీటర్లు, 10×50కి 5. అంటే చెట్ల నీడలో వెలుగు విషయంలో మీరు పోగొట్టుకునేదేమీ లేదు, బరువు తగ్గుతుంది, కనబడే మేర పెరుగుతుంది.

చాలామంది కుడి కంటి రింగు సరిచెయ్యరు, అద్దం మంచిది కాదంటారు. కుడి వైపు అద్దానికి మూత పెట్టి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలను ఎడమ కంటితో చూస్తూ నడిమి చక్రం తిప్పండి. తర్వాత ఎడమ వైపు మూసి, చక్రం ముట్టకుండా కుడి రింగు ఒక్కటే తిప్పండి. నలుగురు మార్చుకుంటే ఆ రింగు ప్రతిసారీ మారుతుంది, ఎవరి గీత వాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

పిట్ట ఆనకపోవడానికి కారణం కళ్లు కిందికి దించడం. పిట్ట మీద చూపు అలాగే ఉంచి, అద్దాన్ని కళ్ల దగ్గరికి తీసుకురండి.

పోలిగాడు:
కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌లో ఇండియా ప్యాక్ ఇంట్లోనే దించుకోండి, కొండ మీద సిగ్నల్ నమ్ముకోవద్దు. కానీ అది చెప్పిందల్లా జాబితాలో రాసేయకండి. తోక చివర రెండు పలకలు వేలాడే పెద్ద పసులపోలిగాడు ఇతర పిట్టల కూతలు దించేస్తాడు. డేగ కూత వినబడిందని తలెత్తితే వీడే ఉంటాడు. కంటితో చూశాకే రాయండి.

వీడి వల్ల ఒక లాభం కూడా ఉంది. చిన్న పిట్టలు గుంపుగా మేస్తూ పోతుంటే వీడు వెంట ఉంటాడు, అవి లేపిన పురుగుల కోసం. వీడి గోల వినబడితే ఆగండి, ఆ గుంపు పది నిమిషాల్లో దాటిపోతుంది. జనవరిలో అందులో బూడిద తల ఈగపట్టు పిట్ట, ఆకుపచ్చ వార్బ్లర్ లాంటి వలస పిట్టలూ ఉండొచ్చు.

ఫోన్లో కూత పెట్టి పిలవొద్దు. కొండ గోరింక తొర్ర దొరికితే లొకేషన్ ఎక్కడా పెట్టకండి, పిల్లల్ని పంజరాలకి పట్టుకుపోతారు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, అయినా జరుగుతూనే ఉంది.

గజపతి_గువ్వ:
అయితే పైకి అసలు వెళ్లొద్దంటారా? గడ్డిలో పిడుదుల సంగతేంటి?

గెడ్డవార:
వెళ్లండి, కానీ పదిన్నరకి. ఎండకి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, అప్పుడు పాముల గద్ద రెక్కలాడించకుండా చుట్లు తిరుగుతుంది. కింద నుంచి చూస్తే రెక్కల వెనకంచున, తోక మీద వెడల్పాటి తెల్లపట్టీ. శివరాత్రి రోజుల్లో మాత్రం వెళ్లొద్దు, మైకులూ జనమూ.

పిడుదులకి ప్యాంటు అంచు సాక్సులో దూర్చాలి, గడ్డిలో కూర్చోకూడదు, ఇంటికొచ్చాక వేడినీళ్ల స్నానం, బట్టలు వెంటనే ఉతుకు. పిడుదు కంటే చిన్నది, కంటికి ఆననిది, స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెచ్చే చిగర్ పురుగు. రెండు మూడు వారాల్లోపు జ్వరమొస్తే, చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర నల్లటి పొక్కు ఉందేమో చూసుకుని, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకి ముందే చెప్పండి. చెప్పకపోతే మలేరియా, టైఫాయిడ్ అంటూ రోజులు పోతాయి.