పర్లాకిమిడిలో పిండివంటలు మొదలెట్టా, పరిచయాలు ఎలా పెంచుకోవాలి?

పర్లాకిమిడి కోడలు:
అందరికీ నమస్తే. మాది నరసన్నపేట వైపు, పెళ్ళయ్యి ఇక్కడికి, ఒడిశాలోకి వచ్చాను. ఇంట్లోనే జంతికలు, చేగోడీలు, అరిసెలు చేసి అమ్ముతున్నా. కొనేది మా వీధివాళ్ళు, మా ఆడపడుచు పనిచేసే స్కూల్లో టీచర్లు, అంతే. బావున్నాయంటారు, మళ్ళీ అడుగుతారు గానీ ఆ గుంపు దాటి బయటికి పోవట్లేదు. ఒడియా అర్థమవుద్ది, మాట్లాడ్డానికే నోరు తిరగదు. మా ఆయన వాట్సాప్ లో అందరికీ పెట్టమంటే పెట్టాను, బొటనవేళ్ళు వచ్చాయి, ఆర్డర్లు రాలేదు. తెలిసినోళ్ళు లేని ఊళ్ళో ఎక్కడ మొదలెట్టాలి?

గుణుపురం కిరాణా:
చెల్లెమ్మా, ముందు ఒకటి చెప్పు. శనగపిండి, నూనె ఎక్కడ కొంటున్నావు?

పర్లాకిమిడి కోడలు:
వీధి చివర కొట్లోనే అన్నయ్యా, ఖాతా ఉంది, నెలాఖరుకి కట్టేస్తాం.

గుణుపురం కిరాణా:
అది మార్చు. బజార్లో హోల్ సేల్ షాపుకి వెళ్ళు, నూనె డబ్బా, పిండి బస్తా అక్కడే కొను, రేటు తగ్గుద్దని మాత్రమే కాదు, చుట్టుపక్కల ఊళ్ళ కొట్లవాళ్ళంతా సరుక్కి వచ్చేది అక్కడికే, ఎవడి కొట్లో ఏం పోతుందో, ఎవడు డబ్బులు ఎగ్గొడతాడో ఆ షావుకారికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. నువ్వు ఊరంతా పరిచయం చేసుకోనక్కర్లేదు, ఊరంతా తెలిసిన ఆ ఒక్క మనిషికి నువ్వు తెలిస్తే చాలు. కొన్నాళ్ళు రొక్కం ఇచ్చి కొను. తర్వాత "మా సరుకు అమ్మిపెట్టండి" అని మాత్రం అడక్కు, అలా అడిగితే ఎవడైనా తప్పించుకుంటాడు. "చిరుతిళ్ళు బాగా పోయే కొట్లు రెండు చెప్పండి, మీ పేరు చెప్పుకుంటాను" అని అడుగు. చెప్పడానికి ఆయనకేం ఖర్చవదు, నీకు ఆ పేరే పెట్టుబడి.

ఇక ఆయన చెప్పిన కొట్టుకి పొద్దున్నే వెళ్ళకు, బేరం టైములో నీ మొహం కూడా చూడరు, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళు. నేను ఈవైపు కూర్చునేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, కొత్త సరుకు తెచ్చినోళ్ళని చూడగానే మాకొచ్చే ఆలోచన రుచి గురించి కాదు, "మిగిలితే ఎవడు తీసుకుంటాడు, ఎక్కడ పెట్టాలి" అని. ఆ రెండిటికీ జవాబు ముందే నువ్వే చెప్పెయ్. ఒక మూత గట్టిగా పట్టే సీసా నువ్వే ఇవ్వు, అందులో లూజు జంతికలు, పక్కన పది రూపాయల ప్యాకెట్లు దండలా వేలాడదియ్. వారం తర్వాత వెళ్ళి మిగిలినవి వాళ్ళు అడక్కముందే వెనక్కి తీసుకో.

బరంపురం పిన్ని:
అమ్మాయ్, భాష గురించి దిగులు పడకు. మా అప్పడాలు, వడియాలు సగం ఒడియా ఇళ్ళకే పోతాయి. ఓ ముక్క చేతిలో పెట్టి "టికే చాఖి దేఖన్తు" అను, కొంచెం రుచి చూడండని, మిగతాది వాళ్ళే మాట్లాడతారు. కార్తీకమాసంలో చాలా ఒడియా ఇళ్ళల్లో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు, అవి లేకుండా చేసి ఆ సంగతి ప్యాకెట్ మీద ఒడియాలో రాయించు. అరిసె వాళ్ళ పిఠాల్లో, అంటే పిండివంటల్లో కూడా ఉంది, కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. మీ వీధిలో మిషన్ శక్తి గ్రూపు, అంటే ఇక్కడి ఆడవాళ్ళ పొదుపు సంఘం, ఉంటే కనుక్కో, చేరే వీలుంటే చేరు. లోను సంగతి తర్వాత, ముందు ఆ ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో వీధికి దారి. పెద్ద ఆర్డర్ వస్తే చేతిసాయానికి కూడా వాళ్ళే, కూలి మాత్రం ఆ రోజే ఇచ్చెయ్యి.

పర్లాకిమిడి కోడలు:
పిన్నీ చాలా థాంక్స్. పాతపట్నంలో మా మేనత్త వాళ్ళకి తెలిసిన కొట్లు ఉన్నాయి, అటు కూడా వెయ్యొచ్చా?

రాయగడ లెక్కలు:
అక్కా, అక్కడ కాస్త ఆగండి. ఒడిశాలో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ ఆ మినహాయింపు సొంత రాష్ట్రంలో అమ్మేదానికే. పాతపట్నం పక్కవీధిలా అనిపిస్తుంది గానీ అది ఆంధ్ర, అక్కడి కొట్టుకి సరుకు వేస్తే వెయ్యి రూపాయలదైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ ఇంటికొచ్చి తినడానికి కొనుక్కెళ్ళే చుట్టాల సంగతి వేరే. తిండి సరుకు అమ్మేవాళ్ళకి ఉండాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ చిన్న రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడే చేయించుకోండి, ఫీజు ఏడాదికి 100 రూపాయలు, ఆ నంబర్ లేకపోతే మంచి కొట్టువాడు ప్యాకెట్ పెట్టనివ్వడు. చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఫ్రీ, ఆధార్, పాన్ తో మీరే చేసుకోవచ్చు. మావైపు ఒకాయన దానికి రెండు వేలు గుంజుతున్నాడు!

పర్లాకిమిడి కోడలు:
అమ్మో, ఆ జీఎస్టీ సంగతి ఎవరూ చెప్పలేదు. సరే ముందు ఇక్కడే చూస్తా. కిరాణా అన్నయ్యా, కొట్టువాళ్ళు అప్పు పెడితే ఎలా?

గుణుపురం కిరాణా:
పెడతారు, అది మా అలవాటే. రెండో విడత ఇచ్చేటప్పుడు మొదటి విడత డబ్బు అడుగు, ఇవ్వకపోతే సరుకు దించకు. "మా షావుకారుకి రొక్కం కట్టాలి" అను, అది నిజమే కదా, గొడవుండదు. రేపు సీసా కొనేటప్పుడు ప్లాస్టిక్ మూతది కొను, రేకు మూత మన వానలకి తుప్పు పట్టుద్ది.