ట్రాక్ డేకి చవక కారు: ఆరు సిలిండర్లా, నాలుగా? వెనక చక్రాలా, ముందు చక్రాలా?

మూడో గేర్:
మొదటి ట్రాక్ కారు చూస్తున్నా. ఏడాదికి ఐదారు ట్రాక్ డేలు (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజులు), రోజుకి ఇరవై నిమిషాల సెషన్లు నాలుగో ఐదో. ట్రైలర్ లేదు, నడుపుకుంటూ వెళ్లి నడుపుకుంటూ తిరిగి రావాలి. బ్రేకులు, ఆయిలు, సస్పెన్షన్ సొంతంగా చేసుకోగలను, ఇంజిన్ విప్పడం మాత్రం రాదు. జాబితాలో ఉన్నవి: బీఎండబ్ల్యూ ఈ36 (1990ల నాటి 3 సిరీస్, 325ఐ లేదా 328ఐ), మాజ్డా ఎమ్మెక్స్-5 (టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారు) మొదటి రెండు తరాలు, రెనో క్లియో 182, సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్ జెడ్‌సీ31ఎస్. మనసు ఈ36 మీదే ఉంది. 190 గుర్రాలు (హార్స్‌పవర్), వెనక చక్రాల డ్రైవ్, పైన ఇనుప కప్పు. ఇందులో తిరకాసు ఎక్కడుంది?

స్పానర్ పదిహేడు:
కొనే ధరలో లేదండీ తిరకాసు, బరువులో ఉంది. అసలు కంటే వడ్డీ ఎక్కువయ్యే కారు అది.

కాగితం మీద లెక్క వేద్దాం. 160 నుంచి 80 కి.మీ. వేగానికి బ్రేక్ కొడితే 1000 కిలోల కారులో సుమారు 740 కిలోజౌల్స్ వేడిగా మారాలి. 1400 కిలోల కారులో అది 1037. ఇక్కడితో అయిపోలేదు. గుర్రాలు ఎక్కువ కాబట్టి అదే స్ట్రెయిట్ చివరికి మీరు 160లో కాదు, 180లో వస్తారు. అప్పుడు 1400 కిలోజౌల్స్ దాటుతుంది. అంటే ప్రతి గట్టి బ్రేకుకీ దాదాపు రెట్టింపు వేడి. ఆ వేడిని మోసేది ప్యాడ్లు, డిస్కులు, బ్రేక్ ఆయిల్. బయటి ముందు టైరు మీద పడే బరువూ అదే లెక్కన పెరుగుతుంది. ఎమ్మెక్స్-5కి 195/50ఆర్15 టైర్లు (195 మి.మీ. వెడల్పు, 15 అంగుళాల చక్రం) చాలు. ఈ36ని 225/45ఆర్17 మీద నడిపితే సెట్టుకి సెట్టు ధర పోల్చి చూసుకోండి.

గుర్రాలు కొనేటప్పుడు ఒక్కసారే డబ్బు తీసుకుంటాయి. బరువు మాత్రం ప్రతి సెషన్‌కీ వసూలు చేస్తుంది.

ఆరు సిలిండర్లు:
లెక్క నిజమే, సగం నిజం. ఈ36 325ఐ ముందు డిస్కులు 286 మి.మీ., 1.6 ఎమ్మెక్స్-5వి 235 మి.మీ. వేడి ఎక్కువైతే దాన్ని దాచుకునే ఇనుమూ ఎక్కువే ఉంది. మంచి ప్యాడ్లు, మంచి ఆయిల్ వేసి, బంపర్ నుంచి డిస్క్ మధ్యకి గాలి గొట్టం లాగితే ఇరవై నిమిషాలు సుఖంగా గడుస్తాయి.

ఈ కారుని ముంచేది బ్రేకులు కాదు, కూలింగ్. వాటర్ పంపు లోపలి రెక్క చాలా కార్లలో ప్లాస్టిక్, థర్మోస్టాట్ గూడు ప్లాస్టిక్, రేడియేటర్ మెడ ప్లాస్టిక్. పాతికేళ్లు దాటిన ప్లాస్టిక్ చెప్పి విరగదు. కొన్న వారంలోనే పంపు (లోహపు రెక్కది), అల్యూమినియం గూడు, రేడియేటర్, ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, గొట్టాలు, బెల్టులు అన్నీ ఒకేసారి మార్చాలి. పగిలిందే మారుస్తాననుకుంటే పక్కది వచ్చే నెల పగులుతుంది, మధ్యలో ఒకసారి వేడెక్కినా ఇంజిన్ హెడ్ వంగుతుంది.

రెండోది ఆయిల్ పంపు నట్టు. ఈ కార్లలో ఉండే ఎం50, ఎం52 ఇంజిన్లలో ఆ పంపు గేరుని పట్టి ఉంచే నట్టు ఎక్కువ ఆర్‌పీఎం మీద వదులై ఊడుతుంది, ఆ క్షణమే ఆయిల్ ప్రెజర్ సున్నా. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి) దింపి, నట్టుకి తీగ కట్టాలి లేదా లాక్‌ టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేయాలి. సంప్ దింపాలంటే ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్ మోసే చట్రం) దించాలి, అదే పెద్ద పని. వెనక షాకబ్జర్ మౌంట్లు చిరిగి డిక్కీలో చప్పుడు చేస్తాయి, దళసరివి వేసుకోండి. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్ కూర్చునే చోట రేకు పగిలిందేమో టార్చ్ వేసి చూడండి. ఈ46 (ఈ36 తర్వాతి తరం) వైపు మనసు మళ్లితే వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే నేల రేకు చూడకుండా బయానా ఇవ్వద్దు. పగుళ్లకి పేరుపడ్డ చోటు అది.

ఇవన్నీ చేశాక పక్క సీట్లో శిక్షకుడు హాయిగా కూర్చునే కారు దొరుకుతుంది. రోల్ బార్ (బోల్తా పడితే తలని కాపాడే ఇనుప కడ్డీ) గొడవ లేదు.

స్పానర్ పదిహేడు:
మీరిప్పుడు రాసిన జాబితాయే నా వాదన. ఇంజిన్ విప్పడం రానివాడికి సబ్‌ఫ్రేమ్ దించి సంప్ తీయమంటున్నారు.

లోపలి చక్రం:
ఇద్దరూ వెనక చక్రాల దగ్గరే ఆగిపోయారు. ప్రశ్న చవక గురించి, నడుపుకుంటూ ఇంటికి చేరడం గురించి. ఆ లెక్కన స్విఫ్ట్ స్పోర్ట్ ముందుండాలి: 1.6 ఇంజిన్, 125 గుర్రాలు, 1050 కిలోల చుట్టుపక్కల. టర్బో లేదు, టైమింగ్ బెల్ట్ (వాల్వులని వేళకి తెరిపించే పట్టీ) లేదు, చైన్. ఇనుప కప్పు ఉంది. ముందు స్ట్రట్ రకం సస్పెన్షన్ కాబట్టి క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మార్చే ప్లేట్లు పెట్టి మైనస్ 2.5 నుంచి 3 డిగ్రీలు తెచ్చుకోవాలి. కంపెనీ అమరికతో వదిలేస్తే ముందు టైర్ల బయటి అంచు ఒకటి రెండు రోజుల్లో గుండ్రమై, మిగతా గాడులు కొత్తగానే కనబడుతుంటాయి. టైర్ తినేసిందని కారుని తిట్టే వాళ్లలో చాలామంది తిట్టాల్సింది అలైన్‌మెంట్‌ని.

క్లియో 182 ఇంకా వేగం. 2 లీటర్లు, 182 గుర్రాలు, 1100 కిలోల లోపే. కానీ టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకోవాలి. ఆ ఇంజిన్‌లో పుల్లీలు ఇరుసు మీద జారకుండా పట్టే ‘కీ’ ముక్కలు ఉండవు, బోల్ట్ బిగువు మీదే నిలబడతాయి. క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు), క్యామ్ (వాల్వులని తెరిచే ఇరుసు) లాక్ చేసే పనిముట్లు లేకుండా గీత పెట్టుకుని మార్చేసే మెకానిక్ దగ్గరికి వెళ్తే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. డీఫేజర్ పుల్లీ (క్యామ్ టైమింగ్ మార్చేది) కూడా అప్పుడే మార్చేయాలి. స్టార్ట్ చేయగానే డీజిల్ బండిలా టకటక మంటే అదే.

ఆరు సిలిండర్లు:
ముందు చక్రాల కారులో ముందు టైరు తిప్పాలి, లాగాలి, ఆపాలి, మూడు పనులూ దానివే. మలుపు మధ్యలో గ్యాస్ (యాక్సిలరేటర్) నొక్కితే లోపలి చక్రం ఖాళీగా తిరుగుతుంది, కారు బయటికి జారుతుంది. మధ్యాహ్నం దాకా ముందు రెండూ అరిగి, వెనక రెండూ చల్లగా ఉంటాయి.

లోపలి చక్రం:
అందుకే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారుస్తాం, సెట్టంతా సమంగా అరుగుతుంది. లోపలి చక్రం తిరుగుతుందంటే గ్యాస్ తొందరపడి నొక్కారని అర్థం. మొదటి ఏడాది నేర్చుకోవాల్సిందే అది, దానికి ఎల్‌ఎస్‌డీ (ఒక చక్రం ఖాళీగా తిరగకుండా బలాన్ని రెండింటికీ పంచే డిఫరెన్షియల్) అక్కర్లేదు. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. వేగం మలుపులో భయపడి హఠాత్తుగా గ్యాస్ వదిలితే బరువు ముందుకి దూకి వెనక భాగం తిరిగిపోతుంది. ముందు చక్రాల కారు స్పిన్ అవదనే నమ్మకంతో వచ్చేవాళ్లకి ఇది తెలియదు.

స్పానర్ పదిహేడు:
ఎమ్మెక్స్-5 గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి, మెచ్చుకోలుతోపాటు లోపాలూ చెప్తాను.

మొదటి తరం 1989లో వచ్చింది. 1.6 ఇంజిన్, 115 గుర్రాల దగ్గర, 950 నుంచి 1000 కిలోలు. నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టే సస్పెన్షన్), క్యాంబర్ మార్చడానికి కొత్త పార్టులు కొనక్కర్లేదు, ఎక్సెంట్రిక్ బోల్టులు తిప్పితే చాలు. 1991 దాకా వచ్చిన కొన్ని 1.6లకి క్రాంక్ ముక్కు పొట్టిది. ముందు పుల్లీ బోల్ట్ సరిగ్గా బిగించకపోతే కీ గాడి తినేసి, టైమింగ్ తప్పి, చివరికి క్రాంకే మార్చాల్సి వస్తుంది. బోల్ట్ చుట్టూ ఉన్న పుల్లీ గాడులు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టిది, ఎనిమిదుంటే పొడుగుది. పుల్లీ ఊగుతుంటే బేరం ఆపేయండి. 1.8కి వెళ్తే ముందు డిస్క్ 255 మి.మీ., డిఫరెన్షియల్ కూడా పెద్దది. కొన్నిట్లో టోర్సెన్ (ఒక రకం ఎల్‌ఎస్‌డీ) ఉంటుంది, అన్నిట్లో కాదు.

అసలు జబ్బు కూలింగ్ దారి. ఈ ఇంజిన్ పుట్టింది అడ్డంగా కూర్చునే ముందు చక్రాల కార్ల కోసం. నిలువుగా తిప్పి పెట్టినప్పుడు నీళ్లు బయటికి వచ్చే దారిని హెడ్ ముందు వైపే పెట్టారు. దాంతో నాలుగో సిలిండర్ దగ్గర నీటి కదలిక తక్కువ. మామూలు ఇంజిన్‌కి మంచి రేడియేటర్, దాని చుట్టూ గాలి పక్కకి పోకుండా ఫోమ్ సరిపోతాయి. టర్బో పెట్టే ఆలోచనుంటే థర్మోస్టాట్‌ని వెనక్కి మార్చే కిట్ వేయాల్సిందే. డ్యాష్‌లోని ఉష్ణోగ్రత ముల్లుని నమ్మొద్దు, వేడెక్కుతున్నా మధ్యలో కదలకుండా కూర్చుంటుంది.

తుప్పు డోర్ కింద సిల్ వెనక చివర మొదలవుతుంది. టాప్ నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే లోపలి నుంచి తింటుంది. అయస్కాంతం పెట్టి చూడండి, పుట్టీ ఉంటే అంటుకోదు.

నిత్యం తిరిగే బండి:
ఏడాదికి ఐదారు రోజులకి ఇంకో కారు ఎందుకు? ఇంట్లో ఉన్న హ్యాచ్‌బ్యాక్ సర్వీస్ సరిగ్గా జరుగుతుంటే, ట్రాక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్ వేసి వెళ్తే అయిపోతుంది కదా. కాలం చెల్లిన పాత కారుని నిలబెట్టే ఖర్చుతో రెండు సెట్ల టైర్లు వస్తాయి.

ఆరు సిలిండర్లు:
రెండు రోజులకైతే ఒప్పుకుంటాను, ఆరు రోజులకి కాదు. గోడకి తగిలితే సోమవారం ఆఫీసుకి వెళ్లే బండి అదే, పైగా రోడ్డు ఇన్సూరెన్సుల్లో చాలావాటికి ట్రాక్ మినహాయింపు, పాలసీ కాగితం చదవండి. చాలా కొత్త కార్లలో ఇంకో చిక్కుంది. స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆగదు, లోపలి చక్రం తిరగకుండా బ్రేక్ పట్టి ఎల్‌ఎస్‌డీలా నటిస్తుంది. తీరా చూస్తే మీరు నొక్కని బ్రేకు వేడెక్కి ఉంటుంది. చిన్న టర్బోలు మూడు నాలుగు ల్యాప్‌లకే వేడెక్కి బలం తగ్గించేస్తాయి కూడా.

లోపలి చక్రం:
ఏ కారైనా సరే, మొదటి ఖర్చు బ్రేక్ ఆయిల్. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు, కారు కొనేసి దీని దగ్గర పొదుపు చేస్తారు.

డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌కి ఒక ప్రమాణం)కి ఉండాల్సిన కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు. అదే ఆయిల్ గాల్లో తేమ పీల్చి 3.7 శాతం నీరు చేరితే 155. రెండేళ్లుగా మార్చని కారులో ఆ దారిలోనే ఉంటుంది. మరిగితే ఆవిరి, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకి దిగుతుంది. 300 డిగ్రీలు దాటి మరిగే రేసింగ్ ఆయిల్ వేయండి, ప్రతి రెండు మూడు ట్రాక్ డేలకి బ్లీడ్ చేయండి (గాలీ, పాత ఆయిలూ బయటికి తీయండి). డాట్ 5 జోలికి వెళ్లొద్దు, అది సిలికోన్, వేరే జాతి, దీంతో కలవదు.

పెడల్ మెత్తబడటానికీ, పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోవడానికీ తేడా తెలుసుకోవాలి. మొదటిది ఆయిల్ మరగడం, రెండోది ప్యాడ్ కాలడం. మందు వేరు. ప్యాడ్ సగానికి అరిగితే వేడి నేరుగా పిస్టన్‌కి, అక్కణ్నుంచి ఆయిల్‌కి చేరుతుంది, కాబట్టి మిగిలిన సగాన్ని రోడ్డుకి ఉంచుకోండి. సెషన్ చివర ఒక ల్యాప్ బ్రేక్ ముట్టకుండా చల్లార్చుకుంటూ రావాలి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, గేర్‌లో పెట్టి చక్రం కింద చెక్క పెట్టండి.

మూడో గేర్:
సబ్‌ఫ్రేమ్ దించే మాట విన్నాక ఈ36 జాబితాలోంచి తీసేశా. స్విఫ్ట్, 1.8 ఎమ్మెక్స్-5 మిగిలాయి. రెండో దానికి రోల్ బార్ తప్పదా? ఎత్తు 186 సెం.మీ.

స్పానర్ పదిహేడు:
తప్పదు. బార్ లేని ఓపెన్ కారుని చాలా ట్రాక్‌ల వాళ్లు లోపలికే రానివ్వరు. బార్ పైనుంచి విండ్‌షీల్డ్ పై అంచుకి చీపురు కర్ర ఆనిస్తే, హెల్మెట్ దాని కింద ఉండాలి, ఐదు సెం.మీ. ఖాళీతో అయితే నిశ్చింత. 186కి కంపెనీ సీటుతో ఆ గీత దాటుతుంది. సీటు ఫోమ్ కొంత కోసేయాలి, లేదా పలచటి బకెట్ సీటుని పట్టాల్లేకుండా నేలకి బిగించాలి. బార్‌కి తల తగిలే చోట గట్టి ప్యాడింగ్ చుట్టండి, ఇంటిదారిలో హెల్మెట్ ఉండదు కాబట్టి. ఈ ఖర్చు కారు ధరలో కలిపి స్విఫ్ట్‌తో పోల్చండి. ముందు హెల్మెట్ పట్టుకెళ్లి, బేరానికి పెట్టిన కారులో కూర్చుని కర్ర ఆనించి చూడండి. గీత దాటితే స్విఫ్టే.

లోపలి చక్రం:
స్విఫ్ట్ చూడ్డానికి వెళ్తే కంప్రెషన్ మీటర్ పట్టుకెళ్లండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చల్లగా ఉంచమని అమ్మేవాడికి ముందే చెప్పండి. వేడిచేసి పెట్టాడంటే ఎందుకో అడగండి.